కుడివైపు సొట్ట

అంకుల్ ఫోన్ చెయ్యకుండా మా ఇంటికి రావడం పదకొండేళ్ళలో అదే మొదటిసారి. ఏప్రిల్‌లో ఒక మంగళవారం పొద్దున, పిల్లలు స్కూల్ బస్సెక్కిన పావుగంటకి, ఆయన వెండిరంగు కారు మా డ్రైవ్‌వేలోకి వచ్చి గరాజ్ తలుపుకి దాదాపు ఆనుకుని ఆగింది. కుడివైపు రోడ్డుకి కనపడకుండా మా పొదల వైపుకి వచ్చేలా పెట్టారని నాకు తరవాత అర్థమైంది. మా ఊరు అల్ఫారెట్టాలో పుప్పొడి రాలే రోజులవి. ప్రతి కారూ పసుపు చల్లినట్టే ఉంటుంది. అందుకే కారు మీదున్న పసుపు గీత నాకు వెంటనే కనిపించలేదు.

"ఇటు రామ్మా, ఒకటి చూపించాలి," అన్నారు, బాగున్నావా అని కూడా అడక్కుండా.

ముందు చక్రం పైన, ఇక్కడ ఫెండర్ అంటారే, ఆ రేకు జానెడు పొడుగున లోపలికి పోయింది. మధ్యలో మడత. మడత పొడుగునా పసుపు పెయింటు అంటుకుని ఉంది. అది పుప్పొడి కాదు. కారు దిగకుండానే మందులు తీసుకునే డ్రైవ్-త్రూ కిటికీల దగ్గర పాతే ఇనప స్తంభాల రంగు.

"పోల్ తగిలింది. చిన్నదే. శనివారం మధ్యాహ్నం ఆంటీ, అమ్మాయి ఇద్దరూ దిగుతున్నారు. ఆ లోపల ఇది లేకుండా చెయ్యగలవా?"

"ఇన్సూరెన్స్‌కి చెప్పి బాడీ షాపులో ఇచ్చేద్దాం అంకుల్."

"వాళ్ళు రెండు వారాలంటారు. అమ్మాయి చూసిందంటే కీస్ లాగేసుకుంటుంది. పోయినసారి వచ్చినప్పుడే మొదలుపెట్టింది, నాన్నా, యూ ఆర్ సెవెంటీ ఎయిట్ అని."

ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుతో ఒప్పుకున్నట్టే అయింది.

ఆయన రిటైరైన సర్జన్. డెబ్బైల్లో గుంటూరు నుంచి వచ్చి, నలభై ఏళ్ళు ఇక్కడి ఆస్పత్రుల్లో కత్తి పట్టుకున్న మనిషి. ఆంటీ నెలరోజుల క్రితం కాలిఫోర్నియాలో డబ్లిన్‌లో ఉండే కూతురి దగ్గరికి వెళ్ళారు. పక్క కాలనీలోని వాళ్ళ పెద్ద ఇంట్లో ఆయన ఒక్కరే ఉంటున్నారు. నేను వారానికి రెండుసార్లు పప్పూ పచ్చడీ పట్టుకెళ్ళి ఇచ్చి వస్తుండేదాన్ని.

నా దగ్గరికే ఎందుకొచ్చారంటే, మా సబ్‌డివిజన్లో అంటే ఈ కాలనీలో కారు మీద గీత పడితే అందరూ నన్నే పిలుస్తారు. నేను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేస్తాను. మూడేళ్ళ క్రితం ఎవరో నా వ్యాను బంపర్‌ని గుద్దిపోతే, బాడీ షాపువాళ్ళు చెప్పింది నమ్మబుద్ధి కాక, టెక్నికల్ కాలేజీలో శనివారాల క్లాసులో చేరాను. ఊళ్ళో టింకరింగ్, పెయింటింగ్ అని బోర్డులుంటాయే, ఆ పని. క్లాసులో నేనొక్కదాన్నే ఆడదాన్ని. సొట్ట లాగడం, పుట్టీ పెట్టడం, రుద్దడం, రంగు కొట్టడం నేర్చుకున్నాను. అయితే ఇంటి దగ్గర చేసినవన్నీ చిన్న గీతలు, చెక్కముక్కకి ఉప్పుకాగితం చుట్టి చేత్తో రుద్దేవి. ఇంత పెద్ద సొట్ట ఎప్పుడూ ముట్టుకోలేదు.

కానీ ఆయనకి కాదని చెప్పడం నాకు రాదు. రెండో కాన్పుకి ఏడో నెలలో నాకు రక్తస్రావం మొదలైన రోజు మా ఆయన ఎక్కడో దూరాన పార్సిప్పనీలో క్లయింట్ ఆఫీసులో ఉన్నాడు. ఫోన్ చేసిన ఎనిమిది నిమిషాలకి అంకుల్ ఇదే కారుతో మా గుమ్మం ముందున్నారు. వెనక సీట్లో నన్ను పడుకోబెట్టి, దారిపొడుగునా ఆస్పత్రి వాళ్ళతో మాట్లాడుతూ, ఒక్క కుదుపు లేకుండా తీసుకెళ్ళారు. ఆ పిల్ల ఇప్పుడు రెండో క్లాసు.

"చేత్తో రుద్దితే శనివారానికి అవ్వదు. మెషీన్ కావాలి. శాండర్," అన్నాను.

"కొందాం పద. నేను డ్రైవ్ చేస్తా."

"ఇప్పుడు మీటింగులున్నాయి. రేపు మధ్యాహ్నం వెళ్దాం. నా వ్యాన్లో."

బుధవారం వెళ్ళాం. అది బాడీ షాపులవాళ్ళు కొనుక్కునే పెయింటు సామాన్ల దుకాణం. లోపల థిన్నర్ వాసన. కౌంటర్ వెనక అరవై దాటిన తెల్లాయన, వేళ్ళ సందుల్లో ఏదో ఎర్ర ప్రైమర్ మరక. పనేమిటో చెప్పమన్నాడు. ఫోన్లో ఫొటో చూపించాను. చూసి, పెదవి విరిచి, ఎప్పటికి కావాలని అడిగాడు. శుక్రవారం సాయంత్రానికి అన్నాను. ఈసారి నా మొహంలోకి చూశాడు.

"ఏది త్వరగా అవుతుందో అది ఇవ్వమను," అన్నారు అంకుల్ తెలుగులో. ఆయన కళ్ళు అప్పటికే గోడకి వేలాడుతున్న, ఇనుముని అరగదీసే గ్రైండర్ మీదున్నాయి. కౌంటరాయనకి మాట అర్థం కాకపోయినా చూపు అర్థమైంది. గ్రైండర్ వద్దన్నాడు. ఈ కార్ల రేకు పల్చన, నిమిషంలో వేడెక్కి అలలు తేలిపోతుంది, ఆ అలలు తరవాత ఎంత పుట్టీ పెట్టినా ఎండలో కనిపిస్తూనే ఉంటాయి అన్నాడు.

తరవాత గాలితో నడిచే శాండర్ తీశాడు. తేలిగ్గా, అరచేతిలో ఇమిడిపోయేలా ఉంది. నాకదే నచ్చింది, క్లాసులో వాడింది కూడా అదే. "మీ కంప్రెసర్ ఎంతది?" అని అడిగాడు. టైర్లలో గాలి కొట్టుకునేది అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అర నిమిషం తిరిగి చచ్చిపోతుంది, గాలి నిండే దాకా నువ్వు కాఫీ తాగుతూ కూర్చోవాలి అని. అలా కరెంటుతో నడిచేవాటి దగ్గరికి వచ్చాం.

మూడు మెషీన్లు కౌంటర్ మీద పెట్టాడు. అడుగున గుండ్రటి పళ్ళెం, దానికి ఉప్పుకాగితం అంటిస్తారు. పళ్ళెం తిరుగుతూనే పక్కలకి ఊగుతుంది. ఆ ఊగు ఎంత అనేదే ముఖ్యమని చెప్పాడు. ఐదు మిల్లీమీటర్లు ఊగేది పెయింటునీ పుట్టీనీ గబగబా తినేస్తుంది. రెండున్నర ఊగేది నిదానం, చివర్న రంగు కొట్టేముందు నున్నగా చెయ్యడానికి. ఒక్కటే కొనేట్టయితే ఐదుదే కొనమన్నాడు, స్పీడు తగ్గించుకునే మీట ఉన్నది చూసుకుని, చివరి పని చేత్తో చేసుకోమని. దుమ్ము లాగే గొట్టం తగిలించే వీలు లేనిది మాత్రం ఇంట్లో వాడొద్దు, ఊపిరితిత్తులు పాడవుతాయి అన్నాడు.

నేను మొదటిది ఎత్తి చూశాను. ఏమీ తెలియలేదు. అంకుల్ నా చేతిలోంచి తీసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. మెషీన్ని మెల్లగా కుడికీ ఎడమకీ వంచారు. పక్కన పెట్టేశారు.

"ఇది మణికట్టుని ముందుకి లాగుతోంది. పది నిమిషాలకి నీ చెయ్యి దాని మాట వింటుంది, అది నీ మాట వినదు."

రెండోదాన్ని వెంటనే తిరస్కరించారు, మీట వేలికి అందట్లేదని. మూడోదాన్ని చాలాసేపు పట్టుకున్నారు. కౌంటరాయన ప్లగ్గు పెట్టిచ్చాడు. అంకుల్ దాన్ని ఒక పాత తలుపు ముక్క మీద ఆన్ చేసి, నొక్కకుండా, దాని బరువుతో దాన్నే తిరగనిచ్చారు. నలభై ఏళ్ళ పనితనం ఆ చేతిలో కనిపించింది. కౌంటరాయన చూస్తూ నిలబడిపోయాడు, మీరు ఏ షాపులో పని చేశారని అడిగాడు. అంకుల్ మొహం వెలిగిపోయింది.

మూడోదే తీసుకున్నాం. వెనక్కి తిరుగుతూ అంకుల్ కుడిభుజంతో టేపుల స్టాండుని గట్టిగా కొట్టుకున్నారు. పది పన్నెండు టేపు చుట్టలు నేలమీద దొర్లాయి.

"దారికడ్డంగా పెట్టుకుంటారేమిటో," అన్నారు.

ఆ స్టాండు దారికడ్డంగా లేదు. నేను వంగి చుట్టలేరుతూ ఆ మాట అనుకున్నాను. అనుకుని ఊరుకున్నాను.

గురువారం పొద్దున మీటింగులు రెండు వాయిదా వేసుకున్నాను. అంకుల్ ఎనిమిదిన్నరకే వచ్చారు. గరాజ్‌లో కారు పెట్టి, చక్రం విప్పి, సొట్టని వెనకనించి సుత్తితో మెల్లగా బయటికి కొట్టాను. మడత పూర్తిగా పోదు, పుట్టీ పెట్టాల్సిందే. పుట్టీ పట్టాలంటే చుట్టూ పెయింటు లేచిపోవాలి. గరుకు కాగితం అంటించి, వాక్యూమ్ గొట్టం తగిలించి, మాస్కు పెట్టుకుని శాండర్ ఆన్ చేశాను.

కంపెనీ పెయింటు రుద్దితే పొడిగా రాలుతుంది. పాలపొడిలా ఉంటుంది, వాక్యూమ్ లాగేస్తుంది. మొదటి రెండు నిమిషాలు అలాగే వచ్చింది. బంపర్ వైపు జరిగేసరికి మెషీన్ చప్పుడు మారింది. ఆపి చూస్తే కాగితం నిండా మైనంలాంటి ఉండలు. కాగితం మార్చాను. మళ్ళీ ఉండలు. మళ్ళీ మార్చాను.

పెయింటు ఇలా ఉండలు కట్టిందంటే అది ఇంకా పూర్తిగా ఆరలేదని. ఆరడానికి వారాలు పడుతుంది. పన్నెండేళ్ళ నాటి కారు మీద ఆరని పెయింటు ఉండకూడదు.

నేను అంకుల్ వైపు చూడలేదు. స్పీడు తగ్గించి ఇంకొంచెం రుద్దాను. వెండిరంగు కింద బూడిదరంగు ప్రైమర్ తేలింది, దాని కింద గులాబీరంగు పుట్టీ. హెడ్‌లైట్ పక్కనించి అరచెయ్యి వెడల్పున. ఎవరో తొందరగా, బాగానే చేసిన పని. శాండర్ ఆపేశాను. వాక్యూమ్ కూడా ఆపేసేసరికి గరాజ్ ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

"ఇక్కడ ముందే రిపేరైంది అంకుల్."

"అదా? పాతది. ఎప్పుడో."

"పాతది కాదు. నెల కూడా అయి ఉండదు."

ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "ఆంటీ వెళ్ళిన వారానికి గ్రోసరీ స్టోర్లో కార్ట్‌లు పెట్టే రెయిలింగ్ తగిలింది. మారియెటాలో ఒకతను చేసిచ్చాడు. ఇప్పుడు అదంతా ఎందుకు? నువ్వు నీ పని కానివ్వు."

నెలలో రెండు దెబ్బలు. రెండూ కుడివైపే. దుకాణంలో టేపుల స్టాండు కూడా కుడివైపే. కొత్త కాగితం తీసుకునే నెపంతో లేచి ఆయన వెనకనించి కుడిపక్కకి వెళ్ళాను. గుండ్రటి కాగితం ఒకటి చేత్తో పట్టుకుని ఆయన కుడి చెంపకి మూరెడు దూరంలో పెట్టాను. కదిపాను. ఆయన ఎదురుగా ఉన్న కారుని చూస్తూనే ఉన్నారు. ఇంకొంచెం ముందుకి తెచ్చాను. దాదాపు ఆయన ముక్కు ఎదురుగా వచ్చేదాకా ఆయనకి అది కనపడలేదు.

కనపడగానే ఉలిక్కిపడ్డారు. నా చేతిలోని కాగితాన్నీ, నన్నూ చూశారు. ఆ పరీక్ష ఆయన జీవితంలో ఎన్ని వందలమందికి చేసి ఉంటారో. నేనేం చేశానో ఆయనకి చెప్పక్కర్లేదు.

"నన్ను టెస్ట్ చేస్తున్నావా నువ్వు?"

"అంకుల్, మీకు కుడిపక్క..."

"నేను అడిగింది కారు బాగుచెయ్యమని. నన్ను కాదు." ఆయన గొంతు అంత కటువుగా నేనెప్పుడూ వినలేదు. "ఆ వీల్ పెట్టేసెయ్. నేను వెళ్తాను."

"పని సగంలో ఉంది."

"వీల్ పెట్టు."

పెట్టాను. ఎందుకు పెట్టానని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను. పెద్దాయన, డాక్టరుగారు, నా బిడ్డని కాపాడినాయన కోపంగా చెప్తుంటే నా చేతులు బోల్టులు బిగించేశాయి. ఆయన కారెక్కి స్టార్ట్ చేశారు. అప్పుడు మాత్రం నాకు బుర్ర పనిచేసింది. పరుగెత్తి పక్క తలుపు తీసి లోపల కూర్చున్నాను.

"దిగు."

"మీ ఇంటిదాకా వస్తాను. అక్కణ్ణించి నడిచి వచ్చేస్తాను."

ఆయన రివర్స్ గేరు వేశారు. సబ్‌డివిజన్ దాటేదాకా బాగానే నడిపారు. బ్రేకు, ఇండికేటరు, వేగం అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. నాకే అనుమానం వచ్చింది, ఏమో, నేనే ఎక్కువ ఊహించుకున్నానేమో అని. మెయిన్ రోడ్డు దగ్గర ఎర్ర లైటు పడింది. ఇక్కడ ఎర్ర లైటున్నా ఆగి, చూసుకుని కుడికి తిరగొచ్చు. ఆయన ఆగారు, ఎడమవైపు నించి వచ్చే కార్లని జాగ్రత్తగా చూశారు. ఖాళీ దొరికింది. కుడికి తిప్పారు.

మా కుడిపక్కన, నడిచేవాళ్ళ గీతల మీద, ఇద్దరు పిల్లలు కూర్చున్న బండి తోసుకుంటూ ఒకతను అప్పటికే రెండడుగులు రోడ్డు మీదికి వచ్చేశాడు. వాళ్ళకి నడిచే గుర్తు వెలుగుతోంది. అంకుల్ కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది.

"ఆపండి!" అని అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, తరవాత రెండు రోజులు గొంతు బొంగురుపోయింది.

బ్రేకు పడింది. సీటు బెల్టు నా భుజాన్ని కోసేసింది. బంపరుకీ పిల్లల బండి చక్రానికీ మధ్య ఎంత దూరముందో నేను చూడలేకపోయాను. నా సీట్లోంచి అసలు సందే కనపడలేదు. ఆ తండ్రి ముందు బండిని అవతలికి తోసేసి, తిరిగొచ్చి, అరచేత్తో బానెట్ మీద ఒక్క చరుపు చరిచాడు. ఏదో అన్నాడు. అద్దాలు మూసి ఉన్నాయి, వినపడలేదు. అతని మొహంలో కోపం కంటే భయమే ఎక్కువగా ఉంది. బండిలో ఒక పిల్ల పాలు చప్పరించే సిప్పీ కప్పు పట్టుకుని మావైపే చూస్తోంది.

వెనకనించి హారన్లు మొదలయ్యాయి. అంకుల్ కదల్లేదు. రెండు చేతులూ స్టీరింగ్ మీదే బిగుసుకుపోయాయి. అంతకుముందు రోజు శాండర్‌ని ఈకలా పట్టుకున్న చేతులవి. నేను దిగి, ఆ తండ్రికి రెండు చేతులూ జోడించి సారీ చెప్పాను, అతను తల తిప్పుకుని వెళ్ళిపోయాడు. డ్రైవరు వైపు తలుపు తీశాను.

"అంకుల్, ఇటు దిగండి. నేను నడుపుతాను."

దిగారు. కారు పట్టుకుని చుట్టూ నడిచి వచ్చి కూర్చున్నారు. పక్కనే ఉన్న పెట్రోలు బంకులో ఒక మూలకి తీసుకెళ్ళి ఆపాను. తాళాలు తీసి నా చేతిలో పెట్టుకున్నాను.

"డిసెంబర్లో," అన్నారు చివరికి. "పొద్దున లేచేసరికి పేపర్లో ప్రతి లైను చివరి మాటలు కనపడలేదు. అద్దం ముందు నిలబడి ఒక్కో కన్నూ మూసుకుని చూసుకున్నా. రెండిట్లోనూ కుడి సగం పోయింది. మెదడులో స్మాల్ స్ట్రోక్. నాకు డయాగ్నోసిస్ రెండు నిమిషాలు పట్టింది."

"ఆంటీకి?"

"ఎవరికీ చెప్పలేదు. ఆస్పిరిన్ మొదలుపెట్టా. తల తిప్పి చూసుకుంటే చాలనుకున్నా. పేషెంట్ ఎవరైనా ఇలా చేసి ఉంటే నేను..." ఆగిపోయారు. "ఆ బండి తోసుకొచ్చినవాడికి ఇద్దరు పిల్లలమ్మా."

నా కోపం అప్పుడొచ్చింది. ఆయన మీద కొంత, నా మీద చాలా. శుక్రవారానికల్లా ఆ ఫెండరు మీద మెరిసే రంగు కొట్టి, తాళాలు ఆయన చేతిలో పెట్టి పంపించేదాన్ని నేనే కదా.

"ఈ కారు మా గరాజ్‌లో ఉంటుంది అంకుల్. తాళాలు నా దగ్గరుంటాయి. ఇవాళే ఆంటీకి ఫోన్ చెయ్యండి. మీరు చెయ్యకపోతే నేను చేస్తాను."

"ఫోన్లో వద్దు. విమానంలో ఐదు గంటలు ఏడుస్తూ కూర్చుంటుంది. శనివారం ఎదురుగా చెప్తాను. ఆ ఒక్కటీ నాకు వదిలెయ్."

ఒప్పుకున్నాను. అది మంచో చెడో నాకు ఇప్పటికీ తెలియదు. శుక్రవారం మా ఆయన ఊరి నుంచి వచ్చి గరాజ్‌లో సగం గీకిన కారు చూసి ఏమైందని అడిగితే, మొత్తం చెప్పాను. "ఆయన్ని ఇవాళే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలి, రేపటిదాకా ఏంటి?" అన్నాడు. అతను చెప్పిందే సరైన మాట. ఇద్దరం వెళ్ళి అడిగాం. అంకుల్ తలుపు తీశారు గానీ రానన్నారు. నాలుగు నెలలు ఆగినదానికి ఒక్క రోజు అన్నారు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. ఫోను ఎప్పుడు మోగుతుందోనని పక్కనే పెట్టుకున్నాను.

శనివారం ఎయిర్‌పోర్టుకి నా వ్యాన్లో అంకులూ నేనూ వెళ్ళాం. ఆంటీ బయటికి రాగానే చుట్టూ చూశారు. "మన కారేదండీ?" అన్నారు. అంకుల్ "పద, ఎక్కు" అన్నారు. కూతురు, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద, వెనక సీట్లో తల్లి పక్కన కూర్చుంది. ఊరు దాటి ఫోర్ హండ్రెడ్ హైవే ఎక్కేదాకా పిల్లల కబుర్లు, అక్కడి చలి, ఇక్కడి పుప్పొడి. నాకు ఒక్క మాటా బుర్రకెక్కలేదు. అద్దంలో ఆంటీ మొహం, రోడ్డు, మళ్ళీ ఆంటీ మొహం.

అంకుల్ ముందుకే చూస్తూ మొదలుపెట్టారు. వెనక్కి తిరగలేదు. కేసు చెప్పినట్టు చెప్పారు: డిసెంబర్, కుడివైపు చూపు, రెండు దెబ్బలు, గురువారం, పిల్లల బండి. ఇంగ్లీషులో మొదలుపెట్టి చివరికి తెలుగులోకి వచ్చారు. నేను అరవై మైళ్ళ వేగంతో పోతున్న ట్రాఫిక్‌లో స్టీరింగ్ పట్టుకుని ఉన్నాను. ఎవరో ఒకరు అరుస్తారనుకున్నాను. ఎవరూ అరవలేదు. అదే భరించలేకపోయాను.

"నాన్నా, నాకు ఎందుకు చెప్పలేదు?" అంది కూతురు. ఆమె తెలుగులో అక్షరాలన్నీ ఇంగ్లీషు యాసతో గుండ్రంగా పలుకుతాయి. "ఐ కాల్ యు ఎవ్రీ డే. రోజూ అడుగుతా, బాగున్నావా అని. రోజూ బాగున్నా అంటావ్."

ఆంటీ మాత్రం నన్నడిగారు. "గురువారం తెలిసిందా నీకు?"

"అవునాంటీ."

"ఇవాళ శనివారం."

"అవునాంటీ."

"ఈ రెండు రాత్రులు ఆయనకేమన్నా అయ్యుంటే? ఒక్కరే ఉన్నారని తెలుసు కదా నీకు?"

ఆవిడ కిటికీ వైపు తిరిగిపోయారు. ఇల్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి పోనివ్వమంది కూతురు. నేను హైవే దిగి ఆస్పత్రి వైపు తిప్పాను. గుమ్మం దగ్గర దింపి, సామాన్లు వాళ్ళింట్లో పెట్టేసి వచ్చాను.

స్కానులో పాత స్ట్రోక్ కనిపించింది. దాంతోపాటు, గుండె అప్పుడప్పుడూ లయ తప్పుతోందని కూడా తేలింది. ఆ స్ట్రోక్ అందువల్లే వచ్చి ఉంటుందన్నారు. రక్తం పల్చబడే మందులు రాశారు. ఆస్పిరిన్ సరిపోదని, ఇలాగే వదిలేస్తే ఇంకొకటి వచ్చేదేనని చెప్పారట. పోయిన చూపు రాదు. డ్రైవింగ్ లేదు. కూతురు మూడు వారాలు ఉండి, అన్నీ ఏర్పాటు చేసి వెళ్ళింది. వెళ్ళేముందు మా ఇంటికొచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. ఆంటీ మాత్రం రాలేదు. నేను పంపిన గిన్నెలు కడిగి, ఖాళీగా, మా మెట్ల మీద పెట్టించేవారు. ఆవిడ ఖాళీ గిన్నె పంపడం నేనెప్పుడూ చూడలేదు.

కారు మా గరాజ్‌లోనే ఉంది. తొందర లేకపోయేసరికి ఆ పని సరిగా చెయ్యడం మొదలుపెట్టాను. మారియెటావాడి పుట్టీ మొత్తం రేకుదాకా తీసేశాను. కాగితం ఉండలు కట్టినప్పుడల్లా విసుక్కోకుండా మార్చాను. కొత్త పుట్టీ పల్చగా మూడుసార్లు పెట్టాను. ఒక ఆదివారం అంకుల్ నడుచుకుంటూ వచ్చారు, చేత్తో కర్ర పట్టుకుని, కుడివైపుకి తల తిప్పుకుంటూ. "ఎంతవరకూ వచ్చింది?" అన్నారు. మా మధ్య అంతకుముందు ఏమీ జరగనట్టు కాదు, జరిగిందని ఇద్దరికీ తెలిసినట్టే అడిగారు. అరచెయ్యి రేకు మీద వేసి మెల్లగా జరిపారు. ఒకచోట ఆగి, ఇక్కడ పల్లం ఉందన్నారు. నాకు కంటికీ చేతికీ ఏమీ తెలియలేదు. పల్లాలు చూపించే నల్లటి గైడ్ పౌడర్ చల్లి రుద్దితే, ఆయన చూపించిన చోటే నల్లగా మచ్చ మిగిలింది. ఆ రోజునించీ వారానికి రెండు మూడుసార్లు వచ్చేవారు. జూన్ మొదట్లో రంగు కొట్టాం.

తాళాలు ఇవ్వడానికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు తలుపు తీసింది ఆంటీ. నేను తాళాలు అందించబోయాను. ఆవిడ తీసుకోలేదు.

"ఎవరు నడపడానికి?" అన్నారు.

తాళాలున్న చెయ్యి దించాను. ఆవిడే అన్నారు, "నేనే నేర్చుకుంటానని చెప్పా ఆయనకి. నలభై ఎనిమిదేళ్ళు ఈ దేశంలో ఉండి పక్క సీట్లోనే కూర్చున్నా. ఆయన నేర్పుతానన్నారు. ఒక్క రోజు ఆయన కేకలు వింటే చాలు, నేను మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోను. నువ్వు వస్తావా?"

మర్నాడు పొద్దున చర్చి పార్కింగ్ లాట్ ఖాళీగా ఉన్నప్పుడు వెళ్ళాం. ఆంటీ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, స్పోర్ట్స్ షూస్ వేసుకుని, సీటు ముందుకి జరుపుకుని కూర్చున్నారు. నేను పక్కన. అంకుల్ని వెనక సీట్లో కూర్చోబెట్టాం, మాట్లాడకూడదన్న షరతు మీద. ఆంటీ బ్రేకు మీదనించి కాలు తీశారు. కారు తనంతట తానే మెల్లగా కదిలింది. ఆవిడ రెండు చేతులూ బిగించి, పళ్ళు బిగబట్టి, లాట్ చివరిదాకా తీసుకెళ్ళారు.

"రైట్ చూసుకో," అన్నారు అంకుల్ వెనకనించి.

"చూస్తున్నానండీ," అన్నారు ఆంటీ, తల కుడికి తిప్పి.